ఎవరి మీదా ఆధారపడని పెట్టె

ఎవరూ ఎవరి మీదా ఆధారపడకూడదని రాష్ట్ర సాఫ్ట్‌వేర్ సమగ్రతా మండలి తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని ఒకాయన చెబుతుంటే ఇంకొకాయన రాసుకున్నాడు, ఒకావిడ టైపు చేసింది, అటెండరు పరుగెత్తుకెళ్లి సంతకాలు పెట్టించుకొచ్చాడు. మధ్యలో కరెంటు పోతే పక్క ఆఫీసు జనరేటరు నుంచి వైరు లాక్కున్నారు. టీలు ఎదురు బడ్డీ నుంచి వచ్చాయి. ఆ టీ తాగుతూ మండలి అధ్యక్షులు శేషఫణి గారు, ఇకపై ఏ ప్రభుత్వ సాఫ్ట్‌వేరూ మరొకదాని మొహం చూసి బతకడానికి వీల్లేదని ప్రకటించారు. సభ్యులు చప్పట్లు కొట్టారు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వొస్తే ఆ పూచీ నాది కాదు.

మాది నాగావళి ఒడ్డున చిన్న ఊరు. ఊళ్లో చూపులేని ఆడపిల్లల బడి ఒకటుంది. చదువుకి చదువు, హాస్టలుకి హాస్టలు. ఈ పిల్లలు చదివేది చుక్కల పుస్తకాలు. దళసరి కాగితం మీద ఉబ్బెత్తుగా చుక్కలుంటాయి, వేలితో తడిమి చదువుకోవాలి. సిలబస్ మారింది. పాత పుస్తకాలు అటకెక్కాయి. కొత్తవి వస్తున్నాయన్నారు. అవి ఎంత నింపాదిగా వస్తున్నాయంటే, ఎదురుచూసిన ఒక పదో తరగతి వెళ్లిపోయి ఇంకో పదో తరగతి వచ్చింది. అందాకా కిల్లి హైమావతి టీచరు పుస్తకం పట్టుకుని పైకి చదువుతుంది, పిల్లలు వింటారు.

వినడంతో తెలుగు గట్టెక్కుతుంది. సోషల్ గట్టెక్కుతుంది. లెక్కలు మాత్రం ఎక్కవు. ఆ సంగతి పదో తరగతి ఢిల్లేశ్వరి మొహం మీదే చెప్పేసింది.

"టీచరుగారూ, మీరు ఎక్స్ స్క్వేర్ అని మొదలెట్టి ఈజీక్వల్టు దగ్గరకి వొచ్చీసరికి, ముందరి ముక్క నా బుర్రలోంచి ఎలిపోతందండి. లెక్క ఇనీది కాదు. ఏలి కింద ఉండాల. ఎనక్కెళ్లి మళ్లీ సూసుకోవాల."

"నేను మళ్లీ చదువుతాను గదే అమ్మీ."

"ఎన్నిసార్లు సదువుతారు. మీ గొంతుకీ నా లెక్కకీ పోటీ ఏటండీ."

ఈ పిల్లకి లెక్కలంటే పిచ్చి. పాలిటెక్నిక్‌లో చేరతానంటుంది. చేరాలంటే పదో తరగతి లెక్కల్లో మంచి మార్కులు రావాలి. రావాలంటే పుస్తకం కావాలి. మార్చిలో పరీక్షలు.

ఇలా ఉండగా, ఓడల్లో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన బడికి చుక్కలు పొడిచే ముద్రణ యంత్రం ఒకటి కొనిచ్చాడు. కంప్యూటరుకి తగిలిస్తే చాలు, చక్కగా పుస్తకం అచ్చవుతుంది. మామూలు అక్షరాల్ని చుక్కల్లోకి మార్చే చిన్న ప్రోగ్రాము మాత్రం కంప్యూటర్లో ఎక్కించాలి. ఆ ప్రోగ్రాము ఊరికే దొరుకుతుంది. ఎవరైనా ఎక్కించుకోవచ్చు, మా బడి తప్ప. ఎందుకంటే బడి కంప్యూటరు ప్రభుత్వానిది, ప్రభుత్వ కంప్యూటర్లన్నిటికీ మండలి తాళం బిగించింది. ఏది ఎక్కించాలన్నా 'సర్వస్థాపిని' ద్వారానే ఎక్కాలి.

సర్వస్థాపిని అంటే బ్రహ్మపదార్థం కాదు. అదీ ఒక ప్రోగ్రామే. మిగతా ప్రోగ్రాముల్ని తెచ్చి, వాటికి కావాల్సిన చిల్లరా మల్లరా వెతికి పట్టి, అన్నీ సరిచూసి కంప్యూటర్లో కూర్చోబెట్టడం దాని పని. ఇంజనీర్లు ప్యాకేజీ మేనేజరు అంటారు. పెళ్లి వంటకి సరుకులు తెచ్చే మేస్త్రీ లాంటిదనుకోండి. మేస్త్రీ దిగితే గాని పొయ్యి వెలగదు.

హైమావతి టీచరు మండలికి ఫోను చేసింది. ప్రద్యుమ్న అనే కుర్ర ఇంజనీరు ఎత్తాడు. సర్వస్థాపినిని తయారుచేసింది అతనే. మర్యాదస్తుడు. పై అధికారి ఏమన్నా "పెట్టేద్దాం సార్" అనడం తప్ప అతనిలో వేరే లోపం లేదు.

"మా కంప్యూటర్లో చుక్కల ప్రోగ్రాము ఎక్కించుకోవాలి బాబూ."

"సర్వస్థాపిని ద్వారా ఎక్కించుకోండి మేడమ్."

"అది మా కంప్యూటర్లో లేదు."

"అయితే ముందు అది ఎక్కించుకోవాలి మేడమ్."

"ఎలగ ఎక్కించుకోవాలి?"

"అదీ సాఫ్ట్‌వేరే కదా మేడమ్. సర్వస్థాపిని ద్వారానే ఎక్కించుకోవాలి."

టీచరు ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది. నియమం అలా ఉందని ప్రద్యుమ్నకీ తెలుసు.

"బాబూ, ఇప్పటిదాకా ఎన్ని కంప్యూటర్లలో ఎక్కిందది?"

"నియమానికి విరుద్ధంగా ఒక్కదాంట్లో కూడా ఎక్కలేదు మేడమ్," అన్నాడు ప్రద్యుమ్న. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

హైమావతి టీచరు ఫోను పెట్టేసి ఢిల్లేశ్వరిని వెంటబెట్టుకుని రైలెక్కింది.

మండలి సమావేశ మందిరంలో వాళ్లిద్దరినీ గోడవారగా కూర్చోబెట్టారు. శేషఫణి గారు అప్పుడే ఏదో సదస్సు నుంచి దిగారు. అక్కడ ఎవరో స్వయంసంపూర్ణత మీద ఉపన్యాసం ఇచ్చారట. తనకి కావాల్సినవన్నీ తన కడుపులోనే పెట్టుకుని, ఒకే కట్టగా వచ్చి, తన్ను తానే స్థాపించుకునే సాఫ్ట్‌వేరు. ఆయనకి అది మంత్రంలా పట్టుకుంది.

"సభ్యులారా, సమస్య యొక్క మూలాన్ని మనము గుర్తించాము. ఆధారపడుట. సర్వస్థాపిని మరొక సర్వస్థాపినిపై ఆధారపడుట చేత స్థాపింపబడకున్నది. కావున దానిని ఒక స్వయంసంపూర్ణ పెట్టెగా రూపొందించవలెను. అది దేనిపైనా, ఎవరిపైనా, ఏ పరిస్థితిలోనూ ఆధారపడరాదు. ఈ దృక్పథము నుండి మనము వెనుదిరిగేది లేదు."

"అదేమీ కష్టం కాదు సార్," అన్నాడు ప్రద్యుమ్న. జేబులోంచి వేలెడంత పెన్‌డ్రైవు తీశాడు. "నిన్ననే చేశాను. సర్వస్థాపిని మొత్తం ఒకే ఫైలు. నెట్ అక్కర్లేదు, వేరే ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. నొక్కితే దానంతట అదే విచ్చుకుని కూర్చుంటుంది."

హైమావతి టీచరు లేచి చెయ్యి చాపింది. "ఇలగిచ్చీ బాబూ. సాయంత్రం బండికి ఎలిపోతాం."

ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉండగా రుక్మాంగదరావు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన మండలిలో ఆధార నిర్మూలనాధికారి. దేనికైనా వేరే దాని ఆసరా ఉంటే పట్టుకుని పెరికెయ్యడం ఆయన ఉద్యోగం. గోడకి ఆనుకుని నిలబడ్డం కూడా మానేసిన మనిషి.

"ఒక్క క్షణం. విచ్చుకుంటుంది అన్నారు. విప్పేదెవరు?"

"విప్పే ముక్క కూడా అందులోనే ఉంది సార్."

"అందులో ఉన్నదాన్ని బయటికి తియ్యాలంటే ముందు విప్పాలి కదా?"

"మొదటి ముక్క కట్టలో ఉండదు సార్. విప్పకుండానే పని చేస్తుంది. అదే మిగతాదంతా విప్పుతుంది."

"సంతృప్తికరం," అన్నారు రుక్మాంగదరావు గారు, అసంతృప్తిగా. "నొక్కితే అని కూడా అన్నారు. దేన్ని నొక్కితే?"

"కంప్యూటర్లో బటన్ సార్."

"అంటే ఇది కంప్యూటరు మీద ఆధారపడుతుంది."

మందిరం చల్లబడిపోయింది. ప్రద్యుమ్న పెన్‌డ్రైవు వైపు, సొంత కొడుకు దొంగతనంలో దొరికినట్టు చూశాడు.

"మా బడిలో కంప్యూటరు ఉందండీ," అంది టీచరు.

"అది మీ కంప్యూటరమ్మా. బయటిది. స్వయంసంపూర్ణమైన పెట్టె బయటి కంప్యూటరుని దేబిరించకూడదు."

"అయితే కంప్యూటరు కూడా పెట్టెలో పెట్టేద్దాం సార్," అన్నాడు ప్రద్యుమ్న.

శేషఫణి గారి మొహం వెలిగింది. "అత్యుత్తమ సూచన. నమోదు చేయండి."

ఢిల్లేశ్వరి టీచరు చెవిలో గుసగుసగా అంది. కానీ ఆ పిల్ల గుసగుస వీధి చివరికి వినబడుతుంది. "టీచరుగారూ, కంప్యూటరుకి కరెంటు బయట్నించే వొస్తాది గదా. పాపం ఈళ్లకి తెలీదేటి?"

రుక్మాంగదరావు గారు ఆ పిల్ల వైపు తిరిగి తల పంకించారు. "చురుకైన బాలిక. కరెంటు నమోదు చేయండి."

"ఓలమ్మా, నాను గమ్మున ఉండవలసిందండి," అంది ఢిల్లేశ్వరి.

ఆ తర్వాత జరిగినవన్నీ మాకు ఫోను ద్వారానే తెలిశాయి. టీచరు ఫోను చేసినప్పుడల్లా పెట్టె కొంచెం పెరిగి ఉండేది. కంప్యూటరుకి జనరేటరు చేరింది. జనరేటరుకి డీజిలు పీపాలు చేరాయి. ఇవన్నీ నడిపే మనిషి లేకపోతే ఎలా అని ఆపరేటరుని చేర్చారు. ఆపరేటరుకి ఆకలేస్తుందని కనిపెట్టింది రుక్మాంగదరావు గారే. అందుకని వంటాయన, గ్యాసు బండ, బియ్యం, నీళ్ల ట్యాంకు. ఇంతా చేసి ఇడ్లీల దగ్గర ఆగిపోయారు.

"ఇడ్లీలకీ మా పుస్తకానికీ సంబంధం ఏటి బాబూ?" అని అడిగింది టీచరు.

"చట్నీ మేడమ్," అన్నాడు ప్రద్యుమ్న అలసటగా. "కొబ్బరి చట్నీకి కాయ కావాలి. కాయ చెట్టు మీద ఆధారపడుతుంది. చెట్టుని పెట్టెలో పెట్టాలా వద్దా అని ఉపసంఘం వేశారు."

"ఆ పెన్‌డ్రైవు నాకు పోస్టులో పడేయరాదా?"

"పోస్టు మీద ఆధారపడకూడదు మేడమ్."

ఉపసంఘం చెట్లన్నీ చూసొచ్చి వేరుశనగ చట్నీ సిఫార్సు చేసింది. దానికి మండలి అభినందనలు తెలిపింది. ఈలోగా చలి తగ్గింది, మామిడి పూత కూడా రాలిపోతోంది. హైమావతి టీచరు గొంతు బొంగురుపోయింది. ఢిల్లేశ్వరి వర్గసమీకరణాల దగ్గరే ఉంది. టీచరు చదువుతుంటే ఆ పిల్ల వేళ్లు ఖాళీ బల్ల మీద అటూ ఇటూ తిరిగేవి, అక్కడ ఏదో ఉన్నట్టు.

పరీక్షలు ముంచుకొస్తుండగా పెట్టె మా ఊరికి వచ్చింది. పెద్ద కంటైనరు లారీ. ఒంటి నిండా తెల్ల రంగు, పక్కన మనిషి ఎత్తు అక్షరాల్లో 'స్వయంసంపూర్ణం' అని రాసి ఉంది. రైలు గేటు దాటాక ఇసకలో దిగబడింది. కళాసీలూ, రిక్షావాళ్లూ, కాలేజీ కుర్రాళ్లూ కలిసి హైలెస్సా అని తోశారు. తోసినట్టు ఎవరికీ చెప్పొద్దని ఆపరేటరు లోపలి నుంచి చిన్న కిటికీలో మొహం పెట్టి బతిమాలాడు. తోసినవాళ్లకి టీ ఇప్పిద్దామని జేబు తడుముకున్నాడు గానీ, టీ పెట్టెలోదే తాగాలి, వాళ్లు పెట్టె బయటివాళ్లు.

లారీ బడి ఆవరణలో ఆగింది. జనరేటరు గురక పెట్టింది. కాసేపటికి ఆపరేటరు కిటికీలోంచి ప్రకటించాడు. "మేడంగారూ, సర్వస్థాపిని విజయవంతంగా స్థాపించబడింది."

"ఎక్కడ?"

"పెట్టెలోనండి. పెట్టెలో ఉన్న కంప్యూటర్లో."

"మా కంప్యూటరు ఇక్కడ గదిలో ఉంది బాబూ. వైరు లాగుతాను, తగిలించీ."

"అమ్మో. వైరు బయటికి వస్తే ఆధారపడ్డట్టేనండి. నా ఉద్యోగం ఎగిరిపోతుంది."

హైమావతి టీచరు మెత్తని మనిషి. అయినా ఆ రోజు ఆమె ఫోనులో మండలితో మాట్లాడుతుంటే హాస్టలు వంటామె చెవులు మూసుకుంది. అవతల రుక్మాంగదరావు గారు ఓపిగ్గా విన్నారు. ఆమె తిట్లలో ఒక్క మాట ఆయనకి పట్టుకుంది.

"ఏమన్నారూ? పిల్లలు బయట ఎండలో నిలబడి చూస్తున్నారన్నారా?"

"అవునండీ. పెట్టె లోపల, పిల్లలు బయట. ఎవరి కోసమండీ ఇది?"

"ఘోరమైన లోపం," అన్నారాయన. "లబ్ధిదారులు బయట ఉన్నారంటే పెట్టె తన లబ్ధిదారుల కోసం బయటి ప్రపంచం మీద ఆధారపడుతోంది. తక్షణం ఎక్కించండి. లబ్ధిదారుల్ని, వారి ఉపాధ్యాయినిని, ఆ ముద్రణ యంత్రాన్ని. అంతా లోపలే ఉండాలి."

టీచరు ఫోను పెట్టేసి పిల్లల వైపు తిరిగింది. "పదండమ్మీ. లారీ ఎక్కాలట."

పదో తరగతి పిల్లలంతా ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నవ్వుకుంటూ లారీ ఎక్కారు. యంత్రాన్ని పీఈటీ మేష్టారూ వంటాయనా కలిసి ఎక్కించారు. పెట్టెలో అన్నీ ఉన్నాయి, కాగితం ఒక్కటే లేదు. కాగితం వేరే శాఖ పరిధిలోదట, మండలి ముట్టుకోలేదు. బడి గదిలో దళసరి కాగితం కట్టలున్నాయి, వాటిని పిల్లలే చంకన పెట్టుకుని తెచ్చారు. ఆపరేటరు చుక్కల ప్రోగ్రాము అడిగాడు, సర్వస్థాపిని దాన్ని టక్కున కూర్చోబెట్టింది. మంచి ప్రోగ్రామే. దానిలో తప్పేం లేదు. ఆ చిన్న పని అప్పుడే, మా బడి కంప్యూటర్లోనే, ఆ పెన్‌డ్రైవుతో అయిపోయి ఉండేది.

యంత్రం టకటకా పొడవడం మొదలెట్టింది. మొదటి కాగితం బయటికి రాగానే ఢిల్లేశ్వరి లాక్కుంది. వేలు పెట్టింది. ఒక లైను వెళ్లింది. ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది.

"ఏటే, ఏటి రాసుందే?" అంటూ మిగతా పిల్లలు మీద పడ్డారు.

"ఉండండే. ఎనక్కెళ్తన్నాను," అంది ఢిల్లేశ్వరి. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల మొహం చూసి హైమావతి టీచరు కిటికీ వైపు తిరిగి చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

లారీలో పండగలా ఉంది. వంటాయన ఇడ్లీలు పెట్టాడు, వేరుశనగ చట్నీ వేశాడు. "కొబ్బరి లేదేటి బాబాయ్?" అని ఒక పిల్ల అడిగితే, ఉపసంఘం కథ చెప్పి అందర్నీ నవ్వించాడు. సాయంత్రానికి లెక్కల పుస్తకం లావాటి కట్టలుగా తయారైంది, సైన్సు కూడా అయింది. పిల్లలు కట్టలు ఎత్తుకుని దిగబోయారు. ఆపరేటరు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మీరు దిగి అన్నం తిని పడుకుని రండి. అదీ నా పూచీ మీద. పుస్తకాలు మాత్రం దిగడానికి లేదు తల్లీ. పెట్టెలో తయారైంది పెట్టెదే. తీసేస్తే పెట్టె అసంపూర్ణం అవుతుంది. రేపు అధ్యక్షులవారు వస్తున్నారు. అన్నీ సరిచూసి, ధ్రువపత్రం ఇచ్చి, లారీని రాజధానికి పట్టుకుపోతారు. ప్రదర్శనలో పెడతారట."

"పుస్తకాలతోటా?" అంది టీచరు.

"పుస్తకాలతోటేనండి."

ఢిల్లేశ్వరి కట్టని గుండెలకి అదుముకుంది. "ఎల్లుండి నాకు లెక్కల పరీచ్ఛ."

"పరీక్ష కేంద్రం పెట్టెలో లేదమ్మా," అన్నాడు ఆపరేటరు నేల చూపులు చూస్తూ. అతనికీ కూతురుంది.

ఆ పిల్ల కట్ట కింద పెట్టి, లారీ దిగి, తిన్నగా వెళ్లి మంచం మీద పడుకుంది. అన్నానికి పిలిస్తే రాలేదు.

మర్నాడు పొద్దున్నే మండలి దిగింది. శేషఫణి గారు, రుక్మాంగదరావు గారు, ప్రద్యుమ్న, మిగతా సభ్యులు. లారీ ముందు రిబ్బను కట్టారు. హైమావతి టీచరు పిల్లల్ని తీసుకుని లోపల కూర్చుంది, లబ్ధిదారులుగా. శేషఫణి గారు బయట నిలబడి ఉపన్యాసం మొదలెట్టారు.

"ఈ పెట్టె ఎవరినీ అర్థించదు. ఎవరి దయాదాక్షిణ్యములనూ ఆశించదు. దీని సంపూర్ణతను ధ్రువీకరిస్తూ నేను ఇప్పుడే..."

"అధ్యక్షా," అన్నారు రుక్మాంగదరావు గారు. "తమరు బయట ఉన్నారు."

"అయితే?"

"పెట్టె యొక్క సంపూర్ణత, బయట ఉన్న తమరి ధ్రువీకరణ మీద ఆధారపడుతోంది."

శేషఫణి గారు ఒక్క నిమిషం ఆలోచించి, పంచె ఎగగట్టి, లారీ ఎక్కారు. అధ్యక్షులు లోపల ఉంటే కోరం బయట ఉండకూడదు గనక సభ్యులంతా ఎక్కారు. ప్రద్యుమ్న ఆఖరున ఎక్కాడు. లోపల ఇరుకైంది. ఒక సభ్యుడు గ్యాసు బండ మీద కూర్చున్నారు.

రుక్మాంగదరావు గారు తనిఖీ మొదలెట్టారు. ప్రతి వస్తువూ ముట్టుకుని చూశారు. "కంప్యూటరు, మనది. జనరేటరు, మనది. రుబ్బురోలు, మనది." ఇలా వస్తూ వస్తూ పుస్తకాల కట్టల దగ్గరకి వచ్చారు. "ఇవి?"

"పెట్టెలో అచ్చయిన పుస్తకాలు సార్," అన్నాడు ఆపరేటరు. "జాగ్రత్తగా ఉంచాను."

"భేషైన పని. అచ్చు మనది. చుక్కలు మనవి." ఆయన ఒక కాగితం పట్టుకుని వెలుతురుకి ఎత్తారు. "కాగితం?"

హైమావతి టీచరు నోరు తెరిచింది. మనసులో ఏదో తట్టి మళ్లీ మూసుకుంది. తర్వాత చాలా వినయంగా లేచి నిలబడింది.

"క్షమించాలండీ. కాగితం మా బడిది."

"మీ బడిదా?"

"గదిలోంచి పిల్లలు తెచ్చారండీ. తప్పయిపోయింది."

రుక్మాంగదరావు గారు కాగితాన్ని చటుక్కున కట్ట మీద పడేశారు. "అధ్యక్షా, పెట్టెలో బయటి కాగితం ప్రవేశించింది. దీని మీదే ముద్రణ మొత్తం ఆధారపడింది. ఇది గాని ప్రదర్శనలో ఎవరి కంటనైనా పడితే..."

"తొలగించండి," అన్నారు శేషఫణి గారు పాలిపోయి. "ఆఖరి ముక్క వరకు."

పనివాళ్ల మీద కూడా ఆధారపడే వీలు లేదు గనక మండలే తొలగించింది. అధ్యక్షులు కట్ట ఎత్తి సభ్యుడికి అందిస్తే, ఆయన పక్క సభ్యుడికి, ఆయన ప్రద్యుమ్నకి, ప్రద్యుమ్న కిందున్న పీఈటీ మేష్టారికి. లెక్కలు, సైన్సు, అన్నీ బడి వరండా మీదకి చేరాయి. కొత్త పుస్తకాలు ఎప్పుడొస్తాయని అడిగిన బడికి, పై అధికారులే చెమటలు కక్కుతూ చేత్తో అందించడం మా జిల్లాలో ఎవరూ ఎరగరు.

హైమావతి టీచరు ఇంకా వినయంగానే ఉంది. "యంత్రం కూడా మా బడిదేనండీ."

"దించండి."

"పిల్లలు కూడా మా బడి పిల్లలేనండీ. నేనూ బయటిదాన్నే."

"అసలు మిమ్మల్నెవరు ఎక్కించారు?" అన్నారు రుక్మాంగదరావు గారు.

"తమరేనండీ."

"పొరపాటు సవరించబడినది. దిగండి."

పిల్లలు దిగుతుంటే వంటాయన గరిట పక్కన పెట్టాడు. "అయ్యా, నాది పక్కూరేనండి. నాను పుట్టుకతోనే బయటోణ్ని." అతన్నీ దించేశారు. ఆపరేటరు ఆలోచించుకోవడానికి క్షణం తీసుకున్నాడు. "నేను కూడా మా ఆవిడ మీద ఆధారపడే మనిషినండి," అన్నాడు. ఆ నేరం విన్నాక అతన్ని ఉంచే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు పెట్టెలో మండలి ఒక్కటే మిగిలింది. బయటి మనిషి లేడు, బయటి వస్తువు లేదు, బయటి కాగితం లేదు. రుక్మాంగదరావు గారు చుట్టూ చూసుకున్నారు. జీవితంలో మొదటిసారి ఆయనకి పెరకడానికి ఏమీ కనబడలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సంపూర్ణం," అన్నారు. "అమ్మాయ్, ఆ తలుపు వేసెయ్. గాలి తప్ప బయటిదేదీ రాకూడదు."

ఆఖరున దిగిన ఢిల్లేశ్వరి తలుపు తడుముకుని లాగి మూసింది. గడియ చేతికి తగిలితే అదీ పెట్టేసింది. వేసెయ్ అన్నారు కదా. ఆ తర్వాత వరండా ఎక్కి, కట్టల మీద వేళ్లాడించి, లెక్కల కట్ట వెతుక్కుని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

లోపల శేషఫణి గారు ధ్రువపత్రం మీద సంతకం పెట్టినట్టున్నారు, చప్పట్లు వినబడ్డాయి. కాసేపు ఉపన్యాసం. వరండా మీద పిల్లలంతా గుంపుగా కూర్చుని ఎవరి కట్ట వాళ్లు విప్పుకున్నారు. వంటాయన హాస్టలు వంటింట్లో పప్పు ఎసట్లో పడేశాడు. ఆపరేటరు పీఈటీ మేష్టారి ఫోను అడిగి పుచ్చుకుని ఇంటికి మాట్లాడుతున్నాడు.

అప్పుడు లారీలోంచి ఎవరో తలుపు నెట్టిన చప్పుడైంది. మళ్లీ నెట్టారు. గడియ బయట ఉంది.

"అధ్యక్షా, తలుపు తట్టకండి," అని రుక్మాంగదరావు గారి గొంతు వినబడింది. "తడితే బయటివారి మీద ఆధారపడినట్టు."

"మరి ఎలా దిగడం?"

"దిగాలనుకోవడమే లోపం అధ్యక్షా."

ఇంకా ఏవేవో వాదనలు జరిగాయి. ఎవరో ఉపసంఘం అన్నారు. ఎవరో గ్యాసు బండ మీంచి లేచిన చప్పుడు. చివరికి, లోపల అందరి కళ్లూ కప్పి అన్నట్టు, చిటికెన వేలితో కొట్టినంత మెల్లగా, టక్ టక్ మని వినబడింది.

"అమ్మాయ్," అన్నారు శేషఫణి గారు, కిటికీ సందులోంచి, గుసగుసగా. "ఒక్కసారి గడియ తియ్యమ్మా."

ఢిల్లేశ్వరి లైను మీంచి వేలు తియ్యలేదు. వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకి వచ్చింది.

"ఉండండి బాబూ," అంది. "ఈ లెక్క అయిపోనీండి."